పైన ఆపిన నీళ్లు కింద ఎవరివి? స్వర్ణముఖి పరీవాహకంలో భూమి లెక్క, నీటి లెక్క

చంద్రగిరి దాటి తిరుపతి వైపు వస్తుంటే తొండవాడ దగ్గర స్వర్ణముఖి నదిలో భీమ, కల్యాణి ఏర్లు కలుస్తాయి. అగస్త్యేశ్వరుడి గుడి దగ్గర నిలబడి చూస్తే ఏడాదిలో ఎక్కువ నెలలు కనపడేది ఇసుక, ముళ్లకంప, నడుమ ఎక్కడో సన్నటి పారకం. ఆ ఇసుకకు అటూ ఇటూ ఉన్న తోటల్లో మాత్రం బోర్లు ఆడుతూనే ఉంటాయి. నది ఎండిపోయిందని బాధపడేవాళ్లూ, అదే నది నీళ్లతో మామిడి తడిపేవాళ్లూ ఒకే ఊళ్లో ఉంటారు. చాలాసార్లు ఇద్దరూ ఒక్కరే.

ఈ పరీవాహకంలో ఎవర్ని కదిపినా ఒక ఫిర్యాదు ఉంటుంది. కొండ కింది ఊరివాళ్లు తమ వంక (వాగు) మీద ఇంకో చెక్‌డ్యాం కావాలంటారు. చెరువు కింది ఆయకట్టు రైతులు పదేళ్లుగా చెరువు సరిగా నిండలేదంటారు. బోరున్న రైతు చెరువు తూము మూసేస్తే తన బోరు నిలబడుతుందంటాడు. తిరుపతిలో లోతట్టు కాలనీవాళ్లు నవంబరు వచ్చిందంటే సామాన్లు మంచాల మీదికి ఎక్కిస్తారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అందరూ మాట్లాడుతున్నది ఒకే వాన గురించి. ఆ వానకు ఒక్కో శాఖ, ఒక్కో ఊరు విడిగా లెక్క రాసుకోవడంతో ఒకే బిందెడు నీళ్లను ముగ్గురు నలుగురు తమవిగా జమ కట్టుకుంటున్నారు. ఇక్కడి చిక్కంతా ఈ జమలోనే ఉంది.

నది తీరు, వాన తీరు

స్వర్ణముఖి పాకాల దగ్గరి కొండల్లో పుట్టి ఈశాన్యంగా సాగి, తిరుచానూరును, శ్రీకాళహస్తిని ఒరుసుకుంటూ పోయి, వాకాడు దిగువన సముద్రంలో కలుస్తుంది. పొడవు సుమారు 130 కిలోమీటర్లు, పరీవాహకం సుమారు 3,200 చదరపు కిలోమీటర్లు. కృష్ణా, గోదావరి లాగా ఎక్కడో దూరాన కురిసిన వాన దీనికి రాదు. ఈ 3,200 చదరపు కిలోమీటర్లలో పడిందే దీని సంపాదన.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏటా పడే వాన సుమారు 900 మిల్లీమీటర్లు. రాయలసీమలో ఇది తక్కువేమీ కాదు. పడే తీరులోనే ఇబ్బంది ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా జల్లులుగా పడేది నేలను తడిపి పోతుంది, వంకల్లో పెద్దగా పారదు. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం లేచినప్పుడు రెండు మూడు రోజుల్లో కుమ్మరించేదే వంకలను పారిస్తుంది, చెరువులను నింపుతుంది. అంటే ఏడాది సంపాదన ఏ నాలుగైదు రోజుల్లోనో చేతికి వస్తుంది. ఆ రోజుల్లో పట్టుకోలేనిది సముద్రం పాలు. పట్టుకునే ఏర్పాటు పాడైతే ఊరి పాలు.

ఈ తీరు తెలిసినవాళ్లే గొలుసుకట్టు చెరువులు కట్టారు. ఒక వంక మీద పైనుంచి కిందికి చెరువు తర్వాత చెరువు. పైది నిండి పొర్లితే ఆ పొర్లిన నీళ్లే కిందిదానికి రాబడి. చివరి చెరువు పొర్లితే నదిలోకి.

మొరవ మీద మూడు ఇసుక బస్తాలు

చెరువుకు ముఖ్యమైన అంగాలు నాలుగు: నీళ్లు తెచ్చే సప్లై కాలువ, ఆపే కట్ట, వదిలే తూము, ఎక్కువైనవి పొర్లిపోయే మొరవ. వేరే చోట్ల అలుగు, మత్తడి, కలుజు అనేది ఈ మొరవనే. పంచుకోవడానికి సంబంధించిన తగాదాలన్నీ చివరికి మొరవ దగ్గరికే చేరతాయి కాబట్టి దాన్ని కాస్త దగ్గరగా చూడాలి.

మొరవ పైమట్టమే ఆ చెరువు వాటా. అంతకు మించి ఒక్క అంగుళం నీరు కూడా ఆ ఊరిది కాదు, కింది ఊరిది. పాతకాలం ఒప్పందాలన్నీ రాతలో ఉన్నా లేకపోయినా ఆ రాతి మట్టంలో ఉన్నాయి. నవంబరు చివర చెరువు నిండి మొరవ తొక్కుతున్నప్పుడు ఎవరో రాత్రిపూట వెళ్లి దాని మీద వరసగా ఇసుక బస్తాలు పేరుస్తారు. ఒక అడుగే కదా అనిపిస్తుంది. నీటి విస్తీర్ణం 100 ఎకరాలున్న చెరువులో ఒక అడుగు అంటే 12.3 కోట్ల లీటర్లు. పాతిక ఎకరాల వరి పంటకు సరిపోయే నీళ్లు కింది చెరువుకు పోకుండా ఆగిపోయాయన్నమాట.

అక్కడితో అయిపోదు. చెరువు లోపలి నేల 200 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలి ఉంటే, ఆ ఒక్క అడుగుకు నీళ్లు ఎగువన ఇంకో 200 అడుగులు ముందుకు జరిగి పట్టా భూముల్లో నిలబడతాయి. ఇంకోవైపు, వరద వచ్చినప్పుడు కట్ట తలకూ నీటికీ మధ్య ఉండాల్సిన ఖాళీ ఒక అడుగు తగ్గిపోతుంది. మట్టికట్టకు ఆ ఖాళీయే ప్రాణం. నీళ్లు కట్ట మీదుగా ఒక్కచోట పొర్లడం మొదలైతే గంటల్లో గండి పడుతుంది.

బస్తాల కంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ తప్పుగా కూడా చూడరు. చేపల పాట (వేలం) పాడుకున్నవాళ్లు చేపలు కొట్టుకుపోకుండా మొరవకు అడ్డంగా వల కడతారు. వరదలో కంప, గడ్డి, ప్లాస్టిక్ వచ్చి ఆ వలకు పట్టుకుంటాయి. 30 మీటర్ల పొడవున్న మొరవ మీద 60 సెంటీమీటర్ల ఎత్తున నీరు పొర్లితే సెకనుకు సుమారు 24 ఘనమీటర్లు పోతాయి. సగం పొడవు పూడుకుపోతే, అదే వరద పోవడానికి నీటిమట్టం 95 సెంటీమీటర్లకు లేవాలి. అదనంగా లేచిన ఆ 35 సెంటీమీటర్లు కట్ట మీద పడే భారం. మొరవ దిగువన వంక పోరంబోకును దున్నుకుని చెరకు వేసినా, ఇల్లు కట్టినా, సన్న తూములతో రోడ్డు వేసినా ఫలితం ఇదే. నీళ్లు వెళ్లే దారి ఇరుకైతే వెనక్కి ఎగదన్నుతాయి.

గొలుసుకట్టులో ఒక చెరువు తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. దాని మొరవ అంత నీటికి కట్టింది కాదు. కాబట్టి పై చెరువు కట్ట బాగోగులు కింది ఊరి సమస్య కూడా. 2021 నవంబరు వరదల్లో రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు ప్రమాదం వచ్చిందని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. కట్ట నిలబడింది. కానీ ఒక చెరువు కట్ట కింద ఎన్ని ఊళ్ల గుండెలు ఆగి ఉంటాయో ఆ రోజుల్లో తెలిసొచ్చింది. అదే నెలలో కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి కిందనున్న ఊళ్లలో ప్రాణాలు పోయాయి.

బోరు తాగేది చెరువు నీళ్లే

ఇక భూమి కింది లెక్క. పైనున్న నీళ్లు కంటికి కనపడతాయి కాబట్టి పోట్లాడుకుంటాం. కింద ఉన్నవి కనపడవు కాబట్టి ఎవరికి వాళ్లు తమ సొంతమనుకుంటాం.

ఇక్కడి నేల కింద ఉన్నది గ్రానైటు, నైసు (గ్నైస్) అనే గట్టి రాయి. పైన కొన్ని మీటర్లు మెత్తబడిన మొరం, దాని కింద చీలికలున్న రాయి. కోస్తా ఇసుక నేలల్లాగా ఇది నీళ్లను దండిగా పట్టుకోదు. మెత్తబడిన గ్రానైటులో బయటికి తీయగలిగిన నీరు నేల పరిమాణంలో సుమారు ఒకటిన్నర శాతం. ఈ ఒక్క అంకె మీద మిగతా కథంతా నడుస్తుంది.

ఒక ఎకరా కింద నీటిమట్టం ఒక మీటరు దిగితే మనకు దక్కేది సుమారు 60,700 లీటర్లు. సెకనుకు రెండు లీటర్లు పోసే మామూలు బోరు, పగటి కరెంటు 9 గంటలూ ఆడితే రోజుకు 64,800 లీటర్లు తోడుతుంది. అంటే ఒక బోరు ఒక్క రోజులో తాగేది, ఒక ఎకరా కింద ఒక మీటరు కంటే కాస్త ఎక్కువ. ఆ రైతుకు ఉన్నది రెండెకరాలైతే వంద రోజుల పంటకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? చుట్టుపక్కల ఇరవై ముప్పై ఎకరాల కింది నుంచి. పక్కవాడి బోరు కింది నుంచి, చెరువు అడుగు నుంచి, వంక ఇసుకలోంచి. బోరు వేసిన చోటు ఒకరిదే, లాగేది మాత్రం అందరి నీళ్లను.

వాన వైపు నుంచి చూసినా అదే తేలుతుంది. ఇలాంటి రాతి నేలలో పడిన వానలో నూటికి పది పాళ్లు భూమిలోకి దిగుతాయని పెద్ద తప్పు లేకుండా లెక్క వేసుకోవచ్చు. 900 మిల్లీమీటర్ల వానకు ఎకరాకు 3.64 లక్షల లీటర్లు. ఒక ఎకరా వరికి బోరు నీళ్లు 48 లక్షల లీటర్ల పైచిలుకు కావాలి. మడిలో పెట్టిన నీళ్లలో దగ్గర దగ్గర 40 శాతం మళ్లీ కిందికే ఇంకుతాయనుకున్నా, ఒక ఎకరా వరి ఎనిమిది ఎకరాల వానను మింగుతుంది. ఆరుతడి చెనక్కాయకు 20 లక్షల లీటర్లు చాలు. చెరకు ఏడాది పొడవునా 70 నుంచి 80 లక్షలు తాగుతుంది.

కాబట్టి చెరువు ఎందుకు నిండడం లేదు అన్న ప్రశ్నకు సగం జవాబు ఎగువ బోర్లలో ఉంది. పూర్వం వాన కాలం మొదలయ్యేసరికి భూమి కింద కొంత నీరు మిగిలి ఉండేది. నాలుగు వానలకు నేల నిండి, ఊట వంకలోకి దిగి, వంక పారేది. ఇప్పుడు మే నెలాఖరుకు పై మొరం పొర అంతా ఖాళీ. మొదట పడిన వానలన్నీ ఆ ఖాళీని పూడ్చడానికే చాలవు. వాన తగ్గకపోయినా పారకం తగ్గుతుంది.

ఇక్కడే చెరువు తూము తగాదా వస్తుంది. రాయలసీమలో చాలా చోట్ల తూము మూసి, చెరువును ఊట చెరువుగా మార్చేశారు. చెరువులో నీళ్లు నిలబెడితే చుట్టూ బోర్లు నిండుతాయి, కాలువల్లో వృథా పోదు, ఎవరికి కావలసినప్పుడు వాళ్లు తోడుకోవచ్చు. నీటి పొదుపు వైపు నుంచి చూస్తే ఇందులో న్యాయం ఉంది. అయితే తూము కింద కాలువ నీళ్లతో పండించుకునే రైతుల్లో బోరు లేనివాళ్లు ఉంటారు. చివరి కయ్యల (మడుల) వాళ్లలో చిన్న రైతులే ఎక్కువ. తూము మూసిన రోజున వాళ్ల హక్కు పోయింది, బోరున్నవాళ్ల హక్కు పెరిగింది, దానికి ఒక తీర్మానం కూడా ఉండదు. మా అభిప్రాయం స్పష్టం: తూము మూయాలంటే ముందు ఆయకట్టు జాబితా తీసి, బోరు లేని ప్రతి రైతుకూ ఏ బోరు నుంచి, వారానికి ఎన్ని గంటలు, ఏ పైపు ద్వారా నీళ్లు వస్తాయో రాసుకోవాలి. ఆ రాత లేకుండా మూస్తే అది నీటి యాజమాన్యం కాదు, ఆక్రమణ.

పూడిక తీతలోనూ ఇలాంటి మెలికే ఉంది. తూము గుమ్మం, అంటే నీళ్లు తూములోకి దిగే అడుగు అంచు, దాని మట్టానికి పైనున్న పూడిక తీస్తే ఆ చోటు నీళ్లు కాలువకు వస్తాయి. గుమ్మానికి కిందికి తవ్వితే ఆ గుంటలో నీరు పశువులకు, బోర్లకు పనికొస్తుంది గాని కాలువకు ఒక్క చుక్క రాదు. కాంట్రాక్టు కొలత ఘనమీటర్లలో ఉంటుంది కాబట్టి ఎక్కడ తవ్వారన్నది ఎవరూ అడగరు. ఒండ్రుమట్టి పొర దాటి మొరం తగిలేదాకా తవ్వితే చెరువు జల్లెడ అవుతుంది. ఇంకుడు పెరిగి బోరువాళ్లు సంతోషిస్తారు, ఆయకట్టు రెండు తడులు ముందే ఆగిపోతుంది. కట్ట పాదం దగ్గర తవ్వితే మాత్రం ఎవరికీ లాభం లేదు. అక్కడి నుంచే నీరు కట్ట కిందుగా చిమ్ముతుంది. పనికి ముందు తూము గుమ్మం మట్టాన్ని చెరువు నిండా కొయ్యలు పాతి సున్నంతో గుర్తు పెట్టి, ఎంత లోతు, ఎవరి కోసం అన్నది గ్రామసభలో తేల్చుకుంటే సగం గొడవలు రావు.

కట్టినకొద్దీ నీళ్లు పెరగవు

చెక్‌డ్యాంలు, నీటికుంటలు, కొండవాలు కందకాలు మంచివే. వాన పడిన చోటే ఇంకించడం కంటే తక్కువ ఖర్చు పని లేదు. అయితే వంక మొత్తానికి లెక్క కట్టకుండా ఒకదాని మీద ఒకటి కడుతూ పోతే ఏమవుతుందో ఒక ఉదాహరణలో చూద్దాం.

10 చదరపు కిలోమీటర్ల, అంటే సుమారు 2,470 ఎకరాల, పరీవాహకం ఉన్న వంక అనుకుందాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 400 మిల్లీమీటర్లు పడి, అందులో పదో వంతు పారితే వచ్చే నీరు 4 లక్షల ఘనమీటర్లు. దిగువన 100 ఎకరాల విస్తీర్ణం, సగటున ఒకటిన్నర మీటరు లోతున్న చెరువు నిండాలంటే 6 లక్షలు కావాలి. మామూలు ఏడాదిలో అది మూడింట రెండు వంతులే నిండుతుంది. ఇప్పుడు పైన 5,000 ఘనమీటర్లు పట్టే చెక్‌డ్యాంలు ఐదు కట్టారు. ఒక్కోటి సీజనులో నాలుగుసార్లు నిండి ఇంకితే ఆగిన నీరు లక్ష ఘనమీటర్లు. చెరువు రాబడిలో నాలుగో వంతు పోయింది. మంచి వాన ఏడాదిలో ఈ తేడా తెలియదు. కరువు ఏడాదిలో పారకం నూటికి నాలుగైదు పాళ్లకు పడిపోతే చెరువుకు వచ్చేది దాదాపు సగమైపోతుంది. కింది ఊరికి నీళ్లు అన్నిటికంటే ఎక్కువ అవసరమైన ఏడాదిలోనే పైన కట్టినవి అన్నిటికంటే ఎక్కువ మింగుతాయి.

పారకం అంచనాకు ఇంజనీర్లు వాడే స్ట్రేంజ్ పట్టికలో పరీవాహకాన్ని మంచి, మధ్యమ, తక్కువ అని మూడు రకాలుగా విడదీస్తారు. భూమి వాడకం మారితే వంక ఆ మూడింటిలో ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు జారుతుంది. చెనక్కాయ చేను మామిడితోటై చుట్టూ గట్టు పడితే పారకం తగ్గుతుంది. మేత పోరంబోకు వెంచరైతే పారకం పెరుగుతుంది, కానీ మట్టితో, చెత్తతో, ఒక్కసారిగా. అందుకే భూమి లెక్క లేకుండా నీటి లెక్క కుదరదు.

ఇసుక కూడా నీటి తొట్టే

స్వర్ణముఖి ఇసుకను ఇల్లు కట్టే సరుకుగా మాత్రమే చూస్తే దాని విలువ ట్రాక్టరు లోడు ధర. నీటి తొట్టిగా చూస్తే వేరు. కిలోమీటరు పొడవు, 100 మీటర్ల వెడల్పు, ఒక మీటరు మందం ఉన్న ఇసుకలో, నూటికి ఇరవై పాళ్లు వచ్చినా, రెండు కోట్ల లీటర్ల నీళ్లు ఉంటాయి. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున వెయ్యిమంది ఉన్న ఊరికి ఏడాది తాగునీరు. ఒక మీటరు లోతు దిగితే ఎండకు పెద్దగా ఆవిరి కూడా కాదు. చెరువులో ఏటా సుమారు రెండు మీటర్ల మందాన నీరు ఆవిరైపోయే ఈ ఎండల్లో అది చిన్న విషయం కాదు.

ఆ మీటరు ఇసుక ఎత్తుకుపోతే తొట్టె పోతుంది. దానితోపాటు నది అడుగు దిగిపోయి, పక్క బావుల నీరు నదిలోకి జారుతుంది. ఏటి ఇసుకలోంచి తవ్వుకున్న ఊటకాలువల తల గాల్లో మిగులుతుంది. వంతెన దిమ్మెల పునాదులు బయటపడతాయి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, దాన్ని మనవాళ్లు వాల్టా అంటారు, దాని నిబంధనలు ఇసుక ఎంత మందంగా ఉన్నా రెండు మీటర్లకు మించి తవ్వొద్దంటాయి. వంతెనలకు, ఆనకట్టలకు 500 మీటర్ల లోపు తవ్వకం కూడదంటాయి. ఈ రెండు అంకెలూ పంచాయతీ గోడ మీద ఉండాల్సినవి. అడ్డుకోవాలంటే ముందు అంకె తెలియాలి.

ఎవరి చేతిలో ఏముంది

ఒక చెరువును తీసుకుంటే పోరంబోకు భూమి రెవెన్యూది. కట్ట, తూము, మొరవ జలవనరుల శాఖవి. చేపల పాట, కట్ట మీద చెట్ల పాట పంచాయతీకో సంఘానికో పోతాయి. బోర్ల నీటిమట్టం చూసేది భూగర్భజల శాఖ. పై కొండ అటవీ శాఖది. ఇసుక గనుల శాఖది. పట్టణం దగ్గరైతే పట్టణాభివృద్ధి సంస్థ కూడా చేరుతుంది. వంక మొత్తానికి బాధ్యుడు అనేవాడు లేడు.

పూర్వం ఇది వేరుగా నడిచేది. చెరువు కట్టినవాళ్లకు, బాగు చేసేవాళ్లకు దశబంధం ఇనాములుండేవి. ఆ భూమి ఫలసాయం తిన్నవాళ్లు కట్ట చూసుకోవాలి. ఇంటికొకరు వచ్చి పని చేసే కుడిమరామత్తు ఉండేది. బ్రిటిషువాళ్లు 1858లో దాన్ని చట్టం చేసి నిర్బంధం చేయబోయారు, మనసుపెట్టి చేసే పని చట్టంతో నిలవలేదు. తర్వాత ఇనాములూ పోయాయి. తూము తెరిచి మూసే నీరుగంటికి పంట మీద ఇచ్చే మేర ఇంకా కొన్ని ఊళ్లలో ఉంది. ఆ మనిషి ఉన్న చెరువుకూ లేని చెరువుకూ తేడా చివరి మడిలో తెలిసిపోతుంది. ఆ పాత ఏర్పాటులో అణచివేత కూడా ఉంది, నీరుగంటిగా ఎండలో తిరిగినవాళ్లకు చాలాచోట్ల ఆయకట్టులో సెంటు భూమి లేదు. దాన్ని అలాగే తెచ్చుకోనక్కర్లేదు. పనికి మనిషి, ఆ మనిషికి కూలి అన్న ఏర్పాటు మాత్రం కావాలి.

1997 చట్టంతో వచ్చిన సాగునీటి సంఘాలకు 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. ఇవి చెరువుకొక సంఘం లెక్కన ఏర్పడ్డాయి. ఓటు ఆయకట్టుదారుడిది. ఎగువ బోరు రైతు, మేకలవాడు, చేపలవాడు, తాగునీళ్లు కావలసిన ఇల్లాలు ఇందులో లేరు. పై చెరువు సంఘానికి కింది చెరువు సంఘానికి కూడా సంబంధం లేదు. ఒకే వంక మీద ఉన్న సంఘాల అధ్యక్షులు, ఆ వంక ఊళ్ల సర్పంచులు ఏడాదికి రెండుసార్లు కలిసి కూర్చోవడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒకసారి సెప్టెంబరులో మొరవలు, కాలువలు చూడడానికి. ఇంకోసారి డిసెంబరు మొదట్లో నీళ్లు పంచుకోవడానికి.

చట్టంలో పనికొచ్చేవి ఇంకో రెండు ఉన్నాయి. వాల్టా ప్రకారం ప్రజల తాగునీటి బావికి 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయాలంటే అనుమతి తప్పనిసరి. భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు దాటిన చెరువు నిండు నీటిమట్టం నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు వదలాలి. ఆ నిండు మట్టం ఎక్కడుందో నేల మీద రాళ్లు పాతి లేకపోతే కాగితం మీది 30 మీటర్లు ఎవర్నీ ఆపవు. తిరుపతి చుట్టూ చెరువులు కాలనీలైన చోట్ల జరిగింది ఇదే: ఎండాకాలంలో కొలిచి, ఎండాకాలంలో అమ్మి, నవంబరులో మునిగారు. ఇవాళ నగరం కల్యాణి డ్యాంతో పాటు కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగ నీళ్ల మీద ఆధారపడి బతుకుతోంది. తన ఒడిలో ఉన్న చెరువులు ఉండి ఉంటే వరద కొంత ఆగేది, బోర్లు కొంత నిలిచేవి.

వంక లెక్క వేసుకునే పద్ధతి

2000ల దశకంలో రైతులే భూగర్భజలాన్ని కొలుచుకునే ప్రాజెక్టు ఒకటి ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో నడిచింది, చిత్తూరు అందులో ఒకటి. దాని పాఠం చిన్నది, గట్టిది. ఊరు హద్దు వదిలి వంక హద్దును ఒక యూనిట్‌గా తీసుకోవాలి. రైతులే కొలవాలి. ఎవరినీ ఏ పంటా వేయొద్దనకుండా లెక్క అందరి ముందు పెట్టాలి.

కొలవడానికి కావలసినవి ఖరీదైనవి కావు. వంకకు పైన ఒకటి, కింద ఒకటి వానమాపకం, రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు చూసి రాయాలి. వాడని బోర్లు పది పన్నెండు ఎంచుకుని పదిహేను రోజులకోసారి టేపు దించి నీటిమట్టం రాయాలి. చుట్టుపక్కల మోటర్లు ఆపి రాత్రంతా వదిలాకే కొలవాలి, లేకపోతే పక్క బోరు లాగిన గుంట లోతు వస్తుంది తప్ప అసలు మట్టం రాదు. బోరు ఎంత పోస్తుందో తెలియాలంటే 200 లీటర్ల డ్రమ్ము, ఫోనులో స్టాప్‌వాచ్ చాలు. డ్రమ్ము 100 సెకన్లలో నిండితే సెకనుకు రెండు లీటర్లు. రెండించుల నీళ్లు, మూడించుల నీళ్లు అనే మాటతో లెక్క కుదరదు, పైపు సగం నిండి వచ్చినా అదే మాట అంటాం. చెరువు తూము పక్కన మీటరు గుర్తులున్న రాతికంబం, మొరవ మట్టం దాని మీద ఎర్రరంగుతో.

ఇందాకటి 10 చదరపు కిలోమీటర్ల వంకకే డిసెంబరు లెక్క వేద్దాం. జూన్ నుంచి నవంబరు దాకా 800 మిల్లీమీటర్లు పడితే భూమిలోకి దిగింది 8 లక్షల ఘనమీటర్లు. చెరువులో సగటున 60 ఎకరాల్లో నీళ్లు నిలిచి, అడుగున రోజుకు 1.4 మిల్లీమీటర్ల చొప్పున 120 రోజులు ఇంకితే ఇంకో 40 వేలు. మొత్తం 8.4 లక్షలు. ఖరీఫ్‌లో ఇప్పటికే తోడింది 3 లక్షలనుకుందాం. మూడువేల మంది మనుషులకు ఏడాది తాగునీరు 60 వేలు, పశువులకు 15 వేలు ముందే పక్కన పెట్టాలి. వంకలోకి ఊటగా పోయేది పదో వంతు, 84 వేలు. రబీకి మిగిలింది సుమారు 3.8 లక్షలు.

ఆ వంకలో 120 బోర్లున్నాయి. అన్నీ 110 రోజులు, రోజుకు 9 గంటలు ఆడితే తోడేది 8.5 లక్షలు. చేతిలో ఉన్నదానికి రెండింతల పైనే. ఇంకిపోయి తిరిగొచ్చే నీటిని కలుపుకుని చూస్తే ఆ 3.8 లక్షలతో వరి అయితే సుమారు 130 ఎకరాలు, చెనక్కాయ అయితే 250 ఎకరాలు పండుతుంది. రాగి వేసినా, డ్రిప్పు మీద కూరగాయలు పెట్టినా ఎకరాలు ఇంకా పెరుగుతాయి. ఈ రెండు మూడు అంకెలే గోడ మీద పెద్దగా రాయాలి. అందరూ వరే వేస్తామంటే 130 ఎకరాలు ఎవరివో చెప్పండి అని అడగగలిగే బలం ఆ అంకెకు ఉంది.

ఈ లెక్కలో పొరపాటు పదిహేను, ఇరవై శాతం దాకా రావచ్చు. ఏప్రిల్‌లో బోర్ల మట్టం లెక్క చెప్పినదానికంటే ఎక్కువ దిగిపోతే ఇంకుడు శాతం ఎక్కువ వేసుకున్నామని అర్థం. వచ్చే ఏడాది దాన్ని తగ్గించాలి. మూడేళ్లు వరసగా రాస్తే ఏ పుస్తకంలోనూ లేని సొంత అంకె ఆ వంకకు దొరుకుతుంది.

లెక్క అయ్యాకే పంపకం. చెరువు సగమే నిండితే ఆయకట్టు సగానికే నీళ్లు అనుకున్నప్పుడు, ఆ సగం తూము దగ్గరి భూములని ముందే రాసేస్తే చివరివాళ్లు కట్ట పనికి రారు. ప్రతి రైతుకూ తన భూమిలో సగం అనుకుంటే కాలువ చివరిదాకా తడవాలి, నీళ్లు ఎక్కువ ఖర్చవుతాయి. మధ్యేమార్గంగా ఆ ఏడాదికి తూము దగ్గరి భూమినే అందరూ వాటాలుగా పంచుకుని సాగు చేసుకునే ఆచారం కరువు ప్రాంతాల చెరువుల కింద ఉండేది. కాలువలో నష్టం తక్కువ, ఎవరికీ పస్తు లేదు. దీన్ని ఇవాళ చేయాలంటే కౌలు లెక్క రాసుకోవాలి, నోటిమాట చాలదు.

చెక్‌డ్యాం కొత్తది కావాలన్నా ఇదే పుస్తకం తెరవాలి. పైన లక్ష ఘనమీటర్లు ఆపుతామంటే కింది ఊరి సంతకం ఉండాలి, లేదా చెక్‌డ్యాం కింద ఒక పైపు పెట్టి మొదటి వరదను వదలాలి.

రాష్ట్రాల మధ్యా తగాదా ఇలాంటిదే. కర్ణాటకలో పుట్టిన పాలారు కుప్పం ప్రాంతంలో మన రాష్ట్రం గుండా పారేది 33 కిలోమీటర్లే, ఆ తర్వాత 222 కిలోమీటర్లు తమిళనాడులో. మైసూరు, మద్రాసుల మధ్య 1892లో కుదిరిన ఒప్పందం దగ్గర మొదలైన ఈ తగాదా, కుప్పం దగ్గర తలపెట్టిన ఆనకట్ట మీద 2006లో తమిళనాడు వేసిన దావాతో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కుప్పం రైతు అడిగేదీ, వేలూరు రైతు భయపడేదీ, మన గొలుసుకట్టులో పై చెరువువాళ్లూ కింది చెరువువాళ్లూ అనేదే. పైనున్న రాష్ట్రం చేతిలో మనకు ఏ మర్యాద కావాలనుకుంటామో, మన వంక కింది ఊరికి ఆ మర్యాద మనం ఇవ్వాలి కదా.

ఇక మిగిలింది తేదీ. స్వర్ణముఖి వంకల్లో నవంబరు వానలు తగ్గేసరికి నెలాఖరు. డిసెంబరు రెండో వారానికి నారుమళ్లు పోసేస్తారు. పోసిన నారును ఏ సభా పీకించలేదు, పీకమని అడగడం న్యాయం కూడా కాదు. బోరు మట్టాలు తీయడానికి రెండు రోజులు, కూడికలకు ఒక రోజు, వంక ఊళ్లన్నీ కూర్చోవడానికి ఒక సాయంత్రం. అంకె గోడ మీదికి ఎక్కాల్సింది ఆ పది రోజుల్లోనే.